విదేశీ విలేకరిగా పనిచేస్తూ థ్రిల్లర్ నవల రాయాలంటే

1970 జనవరి 2. లండన్‌లో స్నేహితుల ఫ్లాట్‌లో తలదాచుకున్న 31 ఏళ్ల విలేకరి ఒకరు వంటింటి బల్ల మీద పాత టైప్‌రైటర్ పెట్టుకుని కూర్చున్నారు. ఉద్యోగం లేదు, చేతిలో డబ్బు లేదు. నైజీరియా నుంచి విడిపోవడానికి బయాఫ్రా ప్రాంతం చేసిన, రెండేళ్లకు పైగా ఆయన వార్తలు రాసిన యుద్ధం ఓటమితో ముగిసిపోతోంది. 35 రోజుల తర్వాత బల్ల మీద ఒక నవల ఉంది. ఆ విలేకరి ఫ్రెడరిక్ ఫోర్సైత్, ఆ నవల 'ద డే ఆఫ్ ద జాకల్'.

ఈ సంగతి విన్నవాళ్లకు 35 రోజులే గుర్తుంటాయి. నాకు మాత్రం వాటి వెనకున్న పన్నెండేళ్లే ముఖ్యం అనిపిస్తుంది. విదేశాల్లో విలేకరిగా పనిచేయాలని, ఆ అనుభవంతో థ్రిల్లర్ రాయాలని ఉన్నవాళ్లు ఆ పన్నెండేళ్లలో ఏం జరిగిందో చూడాలి. మన పరిస్థితులకు తగ్గట్టు ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో చెబుతాను.

ముందు చిన్న ఊళ్లో రాయండి

ఫోర్సైత్ ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా పనిచేసి బయటికి వచ్చాక నేరుగా ప్యారిస్ వెళ్లలేదు. 1958 నుంచి మూడేళ్లు ఇంగ్లండ్‌లోని కింగ్స్ లిన్ అనే చిన్న పట్నంలో స్థానిక పత్రికకు పనిచేశారు. మీరు కూడా రెండు మూడేళ్లు మండలంలోనో, నియోజకవర్గ కేంద్రంలోనో విలేకరిగా పనిచేయండి. అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే డబ్బు పెట్రోలుకు కూడా చాలకపోవచ్చు. అయినా ఈ మెట్టు దాటేయకండి.

ఇక్కడ నేర్చుకునేది వార్త రాయడం ఒక్కటే కాదు, ఎవరికి ఏం తెలుసో పసిగట్టడం కూడా. పోలీస్ స్టేషన్‌లో సీఐ చెప్పేది ప్రెస్‌మీట్ మాట. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ పెట్టారో, దాన్ని సాయంత్రానికి ఎందుకు మార్చారో తెలిసినవాడు స్టేషన్ రైటర్. తహసీల్దార్ ఆఫీసులో కూడా ఫైల్ ఎక్కడ ఆగిందో తెలిసేది అటెండర్‌కే. రేపు మీరు ఏ దేశ రాజధానిలో దిగినా ఇదే పద్ధతి పనికొస్తుంది. రాయబారి మాట్లాడతాడు కానీ, రాత్రి కారు ఎక్కడికి వెళ్లిందో డ్రైవర్‌కి తెలుస్తుంది. ఆ తర్వాత నవలలో మీ పాత్రలు నిజం మనుషుల్లా కనిపించేది కూడా ఇలాంటి పరిశీలన వల్లే.

ఒక భాష గట్టిగా పట్టండి

ఫోర్సైత్‌కి 1961లో రాయిటర్స్ వార్తా సంస్థలో ఉద్యోగం రావడానికి పెద్ద కారణం ఆయన భాషలు. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి ఆయన్ని ఫ్రాన్స్‌లో, జర్మనీలో అక్కడి కుటుంబాల మధ్య ఉంచేవారు. ఫ్రెంచ్, జర్మన్ అలా పుస్తకం పట్టకుండానే వచ్చాయి. మరుసటి ఏడాది ప్యారిస్‌కి, 1963లో తూర్పు బెర్లిన్‌కి పంపింది ఆ భాషలే.

మనకు ఆ అవకాశం లేదని కుంగిపోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో అరబిక్, ఫ్రెంచ్, రష్యన్, చైనీస్ లాంటి భాషలు చెబుతారు. ఏదో ఒకటే ఎంచుకోండి, కానీ మూడేళ్లు వదలకండి. ఉర్దూ బాగా వచ్చినవాళ్లకు అరబిక్ లిపి సగం పరిచయమే, మాటలు కూడా చాలా తెలిసినవే తగులుతాయి. టీ కొట్టు దగ్గర పక్క బల్ల మీది మాటలు అర్థమయ్యే స్థాయి మీ లక్ష్యం కావాలి. ఇంటర్వ్యూకి దుభాషి దొరుకుతాడు. పక్క బల్ల దగ్గరికి దుభాషిని తీసుకెళ్లలేం కదా!

ఇంగ్లిష్‌లో వేగంగా, తప్పుల్లేకుండా వార్త రాయడం కూడా రావాలి. మన తెలుగు పత్రికల్లో అంతర్జాతీయ పేజీ చాలావరకు ఏజెన్సీ కాపీని తెలుగు చేసి నింపేదే. అందుకని మీ పేరుతో వచ్చే మొదటి విదేశీ వార్త (బైలైన్) తెలుగు పత్రికలోనే రావాలని పట్టు పట్టకండి. తెలుగులో రాయడం మాత్రం మానకండి, నవల దగ్గరికి వచ్చేసరికి అదే కావాలి.

బయటికి వెళ్లే దారి

ఒక దారి సంస్థ పంపడం. పీటీఐ వార్తా సంస్థ, పెద్ద ఇంగ్లిష్ పత్రికలు కొన్ని రాజధానుల్లో తమ విలేకరులను ఉంచుతాయి. ఆ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఢిల్లీలో విదేశాంగ శాఖ వార్తలు ఏళ్ల తరబడి రాశాక గానీ వంతు రాదు. రెండో దారి అంతర్జాతీయ ఏజెన్సీలో డెస్క్ ఉద్యోగంతో చేరి అక్కడి నుంచి ఫీల్డ్‌కి మారడం. మూడోది ఫ్రీలాన్స్, అంటే ఏ సంస్థలోనూ చేరకుండా వార్తకు ఇంత అని తీసుకుని రాయడం.

ఫ్రీలాన్స్ అయితే బయల్దేరేముందు ముగ్గురు ఎడిటర్లతోనైనా మాట ఖాయం చేసుకోండి. వార్తకు ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, అడిగి రాయించుకుని వేయకపోతే ఎంత ఇస్తారు అన్నవి ఈమెయిల్‌లో ఉండాలి. ఫోన్‌లో చెప్పిన మాట నిలబడదు. ఆరు నెలల అద్దె, తిండి, తిరుగు టికెట్ డబ్బు చేతిలో లేకుండా కదలొద్దు. డబ్బు అయిపోయిన విలేకరి పిచ్చి రిస్కులు తీసుకుంటాడు.

వీసా విషయంలో అడ్డదారి వద్దు. అమెరికాకు విజిటర్ వీసా మీద వెళ్లి వార్తలు సేకరించకూడదు, మీడియాకు 'ఐ' వీసా వేరే ఉంది. అది కావాలంటే ఏదైనా మీడియా సంస్థ ఒప్పందమో, నియామక పత్రమో చూపాలి. చాలా దేశాల్లో ఇలాంటి నిబంధనే ఉంటుంది.

ఏ దేశం ఎంచుకోవాలి? నన్నడిగితే తెలుగువాళ్ల జీవితంతో నిజంగా ముడిపడిన చోటు గల్ఫ్. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు పల్లెల్లో దుబాయ్ వెళ్లిన మనిషి లేని వాడ అరుదు. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. ఆజాద్ వీసా (పేరుకే ఒక యజమాని ఉండే వీసా), కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), అకామా (నివాస అనుమతి కార్డు), ఖల్లివెల్లి (యజమానిని వదిలి అనుమతి లేకుండా ఉండిపోవడం), ఔట్‌పాస్ (దేశం విడిచి వెళ్లడానికిచ్చే అత్యవసర పత్రం) అన్న మాటలు ఆ పల్లెల్లో తెలుగు మాటల్లాగే వాడతారు. ఆ మాట వినగానే దాని వెనక ఏ బాధ ఉందో గ్రహించగల విలేకరి లండన్ నుంచి వచ్చినవాడు కాలేడు, మీరు కాగలరు.

అయితే ఆ దేశాల్లో అనుమతి లేకుండా లేబర్ క్యాంపులో కెమెరా తీస్తే మీకంటే ముందు మీతో మాట్లాడిన కార్మికుడు చిక్కుల్లో పడతాడు. పని ఈ వైపు నుంచి మొదలుపెట్టండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లు, ఊళ్లో ఎదురుచూస్తున్న ఇల్లు, పైసలు తీసుకున్న ఏజెంట్, కేసు రాసుకున్న స్టేషన్ వరకు ఇక్కడే చూసేయండి. సగం కథ ఇక్కడే దొరుకుతుంది.

రెండు నోట్‌బుక్‌లు పెట్టండి

నేను చెప్పేవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మొదటి నోట్‌బుక్ వార్తది. అందులో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ధ్రువీకరించారు అనేవే ఉంటాయి. రెండోది రాత్రి గదికి వచ్చాక రాసేది. వార్తలో పట్టనివన్నీ అందులోకి వెళ్లాలి. గేటు దగ్గర గార్డు ఏ చేత్తో పాస్ తీసుకున్నాడు, డ్యూటీ ఎన్ని గంటలకు మారింది, లిఫ్ట్‌లో ఏ అంతస్తు బటన్ పనిచేయలేదు, టాక్సీకి ఎంత అయింది, మంత్రి మాట్లాడుతుంటే పక్కనున్నాయన ఎప్పుడు గడియారం చూశాడు, ఇలాంటివన్నీ.

ప్యారిస్‌లో ఫోర్సైత్ పని ఎలాంటిదో చూడండి. అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇచ్చినందుకు ఓఏఎస్ అనే రహస్య సంస్థ ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్‌ని చంపాలని తిరుగుతోంది. 1962 ఆగస్టు 22న ప్యారిస్ శివారు పెటీ క్లామార్ దగ్గర ఆయన కారు మీద వందకు పైగా తూటాలు పేల్చారు. డీగాల్‌కి గాయం కాలేదు. ఆ రోజుల్లో అధ్యక్షుడు ఎక్కడికి వెళ్తే అక్కడికి విలేకరులు వెంట వెళ్లేవారు. గంటల తరబడి కాచుకోవడం, అంగరక్షకులతో కబుర్లు, భద్రత ఎలా నడుస్తుందో చూడటం, రోజూ ఇదే పని. వీటిలో ఏదీ మరుసటి రోజు పేపర్‌లో వార్త కాదు. ఆ కబుర్లలోంచే ఆయనకు ఒకటి స్పష్టమైంది. ఓఏఎస్ మనుషులందరి వివరాలు పోలీసుల దగ్గర ఉన్నాయి, కాబట్టి ఏ ఫైల్లోనూ పేరు లేని బయటి మనిషి వస్తేనే ప్రమాదం. ఎనిమిదేళ్ల తర్వాత, డీగాల్‌ని చంపబోయే అలాంటి హంతకుడి కథగా ఆయన రాసిన నవలకు అదే మూలమైంది.

ఇంకొకరు డేవిడ్ ఇగ్నేషియస్. 1980ల మొదట్లో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్‌కు పశ్చిమాసియా విలేకరి. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకి, పాలస్తీనా సంస్థ పీఎల్ఓకి మధ్య రహస్య సంబంధాలు ఉన్నాయని 1983లో వార్త రాశారు. అదే ఏడాది ఏప్రిల్ 18న బేరూత్‌లో అమెరికా రాయబార కార్యాలయం మీద బాంబు దాడి జరిగి 63 మంది చనిపోయారు. అంతకు కాసేపటి ముందే ఆయన ఆ భవనంలోంచి బయటికి వచ్చారు. తర్వాత ఆయనకు తెలిసినవాటిలో చాలాభాగం వార్తగా రాయలేనివి. మనుషుల మనసులు, మొహమాటాలు, ఒకరినొకరు నమ్మి మోసపోయిన తీరు. వాటిని 1987లో నవలగా రాశారు. రెండో నోట్‌బుక్ ఇందుకే.

ఒక నియమం మాత్రం తప్పొద్దు. రెండో నోట్‌బుక్‌లోంచి ఒక్క వాక్యం కూడా మొదటి దాంట్లోకి రాకూడదు. వార్తలో రంగు కోసం చూడని వర్షం కురిపించినా, వినని మాట పలికించినా, ఆ రోజుతో విలేకరిగా మీ పని అయిపోయినట్టే. రెండో నోట్‌బుక్‌లో అసలు పేర్లు కూడా రాయకండి. అది పోతే, లేదా ఎవరైనా లాక్కుంటే, మిమ్మల్ని నమ్మి మాట్లాడినవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. మనిషికో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల పట్టిక తల్లోనే ఉంచుకోండి.

చూసింది వేరు, అనుకున్నది వేరు

1964 వసంతంలో ఒక రాత్రి తూర్పు బెర్లిన్‌లో ఫోర్సైత్‌కి వీధుల్లో సోవియట్ ట్యాంకులు, సైనికులు వరుసగా కదులుతూ కనిపించారు. ఆయన చూసింది చూసినట్టు రాసి పంపారు. పాశ్చాత్య రాజధానుల్లో పెద్ద అలజడి రేగింది. తెల్లారాక తేలింది ఏమిటంటే, అది మే డే పరేడ్‌కు రిహార్సల్! ఆయన అబద్ధం రాయలేదు. కానీ ఆ కదలికకు కారణం ఎవరినీ అడగలేదు. పంపేముందు "దీనికి మామూలు కారణం ఏదైనా ఉందా?" అని ఇద్దరిని అడగండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు మరీ అడగండి. నవలలో మాత్రం ఇదే పొరపాటును బంగారంలా వాడుకోవచ్చు, ఎందుకంటే థ్రిల్లర్‌లో పాఠకుణ్ని పరిగెత్తించేది అరకొరగా తెలిసిన నిజమే.

గూఢచారికి చిన్న సాయం కూడా చేయకండి

ఇక్కడ ఫోర్సైత్ దారిలో నడవొద్దని గట్టిగా చెబుతాను. బయాఫ్రా రోజుల నుంచి ఇరవై ఏళ్లకు పైగా తాను బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6కి పనులు చేసిపెట్టానని 2015లో తన జ్ఞాపకాల్లో ఆయనే చెప్పారు. డబ్బు తీసుకోలేదన్నారు. డబ్బు తీసుకోకపోయినా తప్పు తప్పే. ఒక్క విలేకరి గూఢచారి అని తేలితే, ఆ తర్వాత అదే రోడ్డు మీద వచ్చే ప్రతి విలేకరినీ గూఢచారిగానే చూస్తారు. 2002 జనవరిలో ముంబయి కేంద్రంగా పనిచేస్తున్న అమెరికా విలేకరి డేనియల్ పెర్ల్‌ని కరాచీలో ఎత్తుకెళ్లినవాళ్లు మొదట ఆయన మీద మోపిన నింద సీఐఏ మనిషి అనే. చివరికి చంపేశారు. 1976లో సీఐఏ కూడా తమ దేశ వార్తా సంస్థల గుర్తింపు ఉన్న విలేకరులను డబ్బిచ్చి వాడుకోబోమని బహిరంగంగా ప్రకటించాల్సి వచ్చింది.

రాయబార కార్యాలయం పార్టీలో ఎవరైనా "మీరు ఎలాగూ అటు వెళ్తున్నారుగా, ఈ కవర్ ఇచ్చేస్తారా" అంటే, వద్దని మర్యాదగా చెప్పి, ఆ రోజే మీ ఎడిటర్‌కు తెలియజేయండి. వాళ్లను ప్రశ్నలడగండి, వార్త తెచ్చుకోండి. పని మాత్రం చేసిపెట్టకండి.

యుద్ధం జరిగే చోటికి వెళ్లాల్సి వస్తే ఎంత చెప్పినా తక్కువే కాబట్టి ఒక్క మాట. ప్రథమ చికిత్సతో కూడిన భద్రతా శిక్షణ, యుద్ధ ప్రాంతాలకు వర్తించే బీమా, ప్రతి రాత్రి ఫోన్ కోసం ఎదురుచూసే ఒక మనిషి, ఈ మూడూ లేకపోతే వెళ్లకండి. 2021 జులైలో అఫ్గానిస్థాన్ స్పిన్ బోల్డక్ దగ్గర చనిపోయిన మన దానిష్ సిద్దిఖీ రాయిటర్స్‌లో పనిచేసిన, ఎంతో అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. సంస్థ ఇక ఆ యుద్ధం మీద ఆసక్తి చూపకపోవడంతో ఫోర్సైత్ 1968లో బీబీసీ వదిలి ఫ్రీలాన్స్‌గా బయాఫ్రా వెళ్లారు. ఆకలితో చనిపోతున్న పిల్లలను చూసి కదిలిపోయారు. అది మనిషి లక్షణం. కానీ చివరికి బయాఫ్రా పక్షం మనిషి అయిపోయారు. ఏడాదికి ఒకసారైనా ఇంటికి వచ్చి, రెండో పక్షం పత్రికలు కూర్చుని చదవండి.

నవల మొదలుపెట్టేటప్పుడు

ఉద్యోగంలో ఉంటే ముందు మీ ఒప్పందం చదవండి. బయటి రచనలకు సంస్థ అనుమతి కావాలని చాలాచోట్ల ఉంటుంది. వార్త కోసం సేకరించినది ఎవరిది అన్న పేచీ తర్వాత రాకూడదు. మన దేశ రక్షణ పత్రాలు ఏవైనా మీ కంటబడి ఉంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం నవలకు వర్తించదని అనుకోకండి.

తర్వాత కథ. జాకల్ నవలను మొదట్లో వరుసగా నాలుగు ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. డీగాల్ బతికే ఉన్నాడు, హంతకుడు ఓడిపోతాడని అందరికీ తెలుసు, ఇక ఉత్కంఠ ఎక్కడిది అన్నది వాళ్ల అభ్యంతరం. మనం పట్టుకోవాల్సిన కిటుకు సరిగ్గా అక్కడే ఉంది. ఏం జరుగుతుందో తెలిసినా, ఎలా జరుగుతుందో తెలియకపోతే పాఠకుడు పేజీ తిప్పుతాడు. విలేకరికి బాగా తెలిసింది కూడా ఈ 'ఎలా' అన్నదే.

ఒక ఉదాహరణ చెబుతాను. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి మృతదేహం ఊరికి రావాలి. పోలీసు రిపోర్టు, మరణ ధ్రువపత్రం, మన రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ (దేహం పాడవకుండా చేసే ప్రక్రియ) సర్టిఫికెట్, చివరికి విమానంలో కార్గో బుకింగ్. ఒక్కో కాగితం వెనక ఒక్కో కిటికీ, ఆ కిటికీ వెనక ఒక మనిషి. ఆ కాగితాల్లో ఒకదాని మీద తేదీ సరిపోలేదనుకోండి. ఎవరో దాన్ని మార్చారు. ఎందుకు? తుపాకీ పేలకుండానే థ్రిల్లర్ మొదలైపోయింది. ఇది మీరు వార్తగా పదిసార్లు చూసిన వ్యవహారమే.

ఇలా ఒక వ్యవహారం ఎంచుకుని పెద్ద కాగితం మీద రోజులు, గంటలు గీతలు గీయండి. పైవరసలో దాచేవాడి పనులు, కింది వరసలో వెతికేవాడి పనులు. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో పాఠకుడికి తెలియాలి, పాత్రలకు తెలియకూడదు. ఈ పట్టిక పూర్తయ్యాకే రాయడం మొదలుపెట్టండి. ఫోర్సైత్ అంత వేగంగా రాయగలిగింది ఆ కథ ఏళ్ల తరబడి తల్లో నడుస్తూ ఉండటం వల్లే.

రాసేటప్పుడు వార్త భాషే వాడండి. చిన్న వాక్యం, కచ్చితమైన సమయం, పేరున్న వీధి. ఉపమానాలు తగ్గించండి. నేరం చేసే పద్ధతి ఉంటే మాత్రం ఒక మెట్టు కావాలనే మార్చేయండి. జాకల్ నవలలో చనిపోయిన పసివాడి పేరు మీద పాస్‌పోర్టు తీసుకునే భాగం నిజంగా పనిచేసే లొసుగు. పుస్తకం వచ్చిన దశాబ్దాల తర్వాత కూడా బ్రిటన్‌లో దాన్ని వాడుకున్నవాళ్లు ఉన్నారు. మీ పుస్తకం చదివి ఒకడు అదే పని చేస్తే ఆ బరువు మీ మీదే ఉంటుంది.

బతికున్నవాళ్లలో ప్రజాజీవితంలో ఉన్నవాళ్ల పేర్లు నేపథ్యంలో రావచ్చు. మీతో మాట్లాడిన మామూలు మనుషులైతే ఊరు, వయసు, పని, వీలైతే ఆడ మగ కూడా మార్చండి. మార్చాక వాళ్ల ఇంటివాళ్లు చదివినా గుర్తుపట్టకూడదు.

ప్రచురణకర్త దగ్గరికి

నాలుగు తిరస్కారాల తర్వాత ఫోర్సైత్ పద్ధతి మార్చారు. నవల కట్ట మొత్తం ఇవ్వకుండా, కథ ఎక్కడ పాఠకుణ్ని పట్టుకుంటుందో చెప్పే కొన్ని పేజీల సారాంశం రాసి హచిన్సన్ సంస్థ ఎడిటర్ హెరాల్డ్ హారిస్‌కి ఇచ్చారు. దాంతో తలుపు తెరుచుకుంది. పుస్తకం 1971లో వచ్చింది. మీరూ అలాంటి సారాంశం సిద్ధం చేసుకోండి, ముగింపుతో సహా. ఎడిటర్ దగ్గర ముగింపు దాచకూడదు.

మన దగ్గర డిటెక్టివ్ నవలను ఇంటింటికీ చేర్చిన వారపత్రికలు చాలావరకు ఆగిపోయాయి. అందుకే తెలుగులో మొదటి పుస్తకం మీద బతకగలనని అనుకోకండి, వార్తల పని వదలకండి. ఆడియో పుస్తకాలకు, వెబ్ సిరీస్‌లకు హక్కులు విడివిడిగా ఇవ్వండి. అన్నీ ఒక్క సంతకంతో రాసివ్వొద్దు. ఇంగ్లిష్‌లో కూడా తేవాలనుకుంటే అనువాద హక్కు మీ దగ్గరే ఉంచుకోండి.

మొదటి పుస్తకం బయటికి వచ్చాక కూడా చూడని చోటు గురించి రాయకండి. మూడో నవల కోసం ఫోర్సైత్ హాంబర్గ్‌లో వేరే పేరుతో ఆయుధాల వ్యాపారుల మధ్య తిరుగుతుంటే, వాళ్లలో ఒకడికి పుస్తకాల షాపు అద్దంలో ఆయన ఫొటో కనిపించింది. ఫోన్‌లో హెచ్చరిక రావడంతో రైలెక్కి పారిపోయారు. దొంగ పేరుతో వెళ్లమని నేను చెప్పను. వెళ్లడం మాత్రం ఆయన మానలేదు. 2009లో, 70 ఏళ్ల వయసులో, ఇంకో నవల కోసం పశ్చిమ ఆఫ్రికాలోని గినీ బిసావు వెళ్లారు. ఆయన అక్కడ ఉండగానే, మార్చి 2న, ఆ దేశాధ్యక్షుణ్ని సైనికులు చంపేశారు. నవల కోసం వెళ్లిన మనిషి ఆ రోజు మళ్లీ విలేకరి అయిపోయి, చూసింది ప్రపంచానికి చెప్పారు.